నారు పోశాక లాకులు మూసిన కేసు

కొత్తగా నల్లకోటు తొడుక్కున్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, మీరు గెలిచిన పెద్ద కేసు ఏదండీ అని అడుగుతుంటారు. పెద్ద కేసులు నేనూ కొన్ని గెలిచాను. వాటిలో చాలావాటి సంగతి ఇప్పుడు నాకే సరిగ్గా గుర్తులేదు. తీర్పు దాకా వెళ్ళని ఒక చిన్న దావా మాత్రం నిన్నగాక మొన్న జరిగినట్టు ఉంటుంది. అందులో నేను నిండు కోర్టులో మాట్లాడింది అయిదారు వాక్యాలు. అవి కూడా మాట్లాడాలని ముందుగా అనుకుని మాట్లాడినవి కావు.

డెబ్బైల మధ్యలో మాట. విశాఖపట్నంలో లా చదువుకుని వచ్చి, బెజవాడ గవర్నరుపేటలో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరాను. అప్పటికి మా కోర్టులకి రోజూ ప్రాక్టీసుకి వచ్చే ఆడమనిషిని నేనొక్కదాన్నే. వరండాలో నిలబడి ఉంటే, ఎవరో సాక్ష్యం చెప్పడానికి వచ్చిన అమ్మాయిని అనుకునేవారు. ఒక పెద్దాయన అయితే, నీ మొగుడు రాలేదా అమ్మా వాయిదాకి అని జాలిగా అడిగాడు. నాకప్పటికి పెళ్ళే కాలేదు.

మా సీనియర్ గారిది దివి తాలూకా. రైతు కుటుంబం. ఆయన ప్రాక్టీసంతా గట్ల తగాదాలు, పంటబోదెల తగాదాలు, పై పొలంవాడు కింద పొలంవాడికి నీళ్ళు వదలని తగాదాలు. కోటు వేసుకున్నా మనిషి మాత్రం చేలోనే ఉండేవాడు. వాయిదా పడితే "మన వంతు నీళ్ళు రాలేదమ్మాయ్" అనేవాడు. తడబడే సాక్షిని తాలుగింజ అనేవాడు. ఆఫీసు ఆయన ఇంటి ముందుగదిలోనే ఉండేది. కక్షిదారులు వస్తే లోపల్నించి మజ్జిగ, ఆయనకి ఇష్టమైనవాళ్ళయితే కాఫీ వచ్చేవి.

ఒక శ్రావణమాసపు మధ్యాహ్నం ఆ గదిలోకి ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. ముగ్గురూ ఆ ఏడే ఒకే కాలేజీలో బీయస్సీ పూర్తిచేశారు. ఒకమ్మాయిది భవానీపురం, తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఇంకో అమ్మాయిది గుణదల, తల్లి నర్సు. మూడో అమ్మాయిది కొల్లేటి లంక. తండ్రి సరస్సులో చేపలు పట్టి, బుట్టలకెత్తి రైలుకి పంపేవాడు. ఆ లంకలో కాలేజీ ముఖం చూసిన మొదటి మనిషి ఈ అమ్మాయే. సన్నగా, నల్లగా, కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడే పిల్ల. మిగతా ఇద్దరూ ఏడుపు ఆపుకుంటుంటే, జరిగినదంతా తనే చెప్పింది.

ఆటోనగర్ దాటాక దగ్గుమందులు, మాత్రలు తయారుచేసే కంపెనీ ఒకటి కొత్తగా పెట్టారు. ప్రయోగశాలలో పనికి మనుషులు కావాలంటే ఈ ముగ్గురూ వెళ్ళారు. ఇంటర్వ్యూ చేశారు, ఎంపిక చేశారు, ఫలానా రోజు వచ్చి చేరమని ఆర్డర్లు చేతికిచ్చారు. కొల్లేటి అమ్మాయికి అప్పటికే బీయెడ్‌లో సీటు వచ్చి ఉంది. ఉద్యోగం ఖాయమైందని ఆ సీటు వదిలేసుకుంది. లంకలో వీధి వీధంతా పప్పుబెల్లాలు పంచారట. చేరమన్న రోజు ముగ్గురూ కొత్త చీరలు కట్టుకుని వెళితే, వాచ్‌మన్ గేటు తియ్యలేదు. లోపల్నించి మూడు కవర్లు తెచ్చి ఇచ్చాడు. కొన్ని కారణాల వల్ల నియామకం రద్దు చేశాం అని ఉంది. ఆ కారణాలేమిటో లేదు.

"మేమేం తప్పు చేశామో అదైనా చెప్పించండి. ఊళ్ళో అందరూ అదే అడుగుతున్నారు" అంది ఆ అమ్మాయి.

ఆ మాటలో ఎంత ఉందో మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ఆడపిల్లకి ఇచ్చిన ఉద్యోగం వెనక్కి తీసుకున్నారంటే, ఊరు కంపెనీని అనుమానించదు.

మా సీనియర్ గారు అలాంటి కేసు ఎప్పుడూ చెయ్యలేదు. ఆ మాటకొస్తే మా ఊళ్ళో ఎవరూ చెయ్యలేదు. ఉద్యోగం రాకపోతే ఇంకో ఉద్యోగం చూసుకుంటారు గానీ కోర్టుకి ఎవరు వస్తారు? అయినా ఆయన వకాల్తా రాయించుకున్నాడు. ముగ్గురి తరఫునా కలిపి ఒకే దావా మునసబు కోర్టులో వేశాం. ఆ అమ్మాయిల్ని ఉద్యోగంలో చేర్చుకునేలా కంపెనీని ఆదేశించమని అడిగాం.

అదే మేము చేసిన పొరపాటు. కంపెనీ తరఫున వచ్చిన ప్లీడరు గారు ఊళ్ళో పేరున్నవాడు. మడత నలగని కోటు, మెత్తని ఇంగ్లీషు, ఎవరి మీదా గొంతు పెంచని మర్యాద. ఆయన లేచి రెండే మాటలు చెప్పాడు. ఇష్టంలేని యజమానికి పనివాణ్ణి అంటగట్టే అధికారం సివిల్ కోర్టుకి లేదు, మహా అయితే నష్టపరిహారం అడగవచ్చు అన్నాడు. మునసబు గారు మా వైపు చూశారు. చట్టం నిజంగానే ఆయన చెప్పినట్టే ఉంది. దావాని నష్టపరిహారానికి సవరించుకుంటాం, గడువు ఇప్పించండి అని తలవంచుకుని అడిగాం. మెట్లు దిగుతూ మా సీనియర్ గారు పగలబడి నవ్వాడు. చేను తడపబోయి దారి తడిపాం అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఉద్యోగం రాదని ఆ అమ్మాయిలకి చెప్పాల్సిన పని నాకు అప్పగించాడు మరి.

కొల్లేటి అమ్మాయి విని, అయినా దావా నడపండి అంది. రద్దు చేసింది తప్పని ఒకరు చెబితే చాలంది.

తర్వాత కంపెనీవాళ్ళు కోర్టులో జవాబు దాఖలు చేశారు. అది చదివితే కాళ్ళకింద నేల కదిలింది. ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో వాళ్ళకి వేరే మరుగుదొడ్లు ఉండాలని చట్టంలో ఉంది. మా ఫ్యాక్టరీలో మగవాళ్ళకి తప్ప లేవు. ఆ స్థితిలో ఈ ముగ్గుర్నీ చేర్చుకుంటే మేము చట్టాన్ని ఉల్లంఘించినట్టవుతుంది. చట్టవిరుద్ధమైన ఒప్పందానికి నష్టపరిహారం ఉండదు. ఇదీ వాళ్ళ వాదన. ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ఆడవాళ్ళ కోసం పెట్టిన చట్టంతోనే ఆడవాళ్ళని గేటు బయట నిలబెట్టారు.

మా సీనియర్ గారు కొన్నాళ్ళు ఆ కాగితాల కట్ట ముట్టుకోలేదు. ఈ కలుపు కొడవలికి అందేది కాదమ్మాయ్ అని పక్కన పెట్టేవాడు. ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను. మరుగుదొడ్డి కట్టాల్సిన బాధ్యత ఎవరిదండీ, వాళ్ళదే కదా, తను చెయ్యని పనిని తనే సాకుగా చూపించొచ్చా అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి గదిలో పచార్లు మొదలుపెట్టాడు. ఆగినప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"కాలవకి నీళ్ళొదులుతున్నామని దండోరా వేయించారు. రైతు నమ్మి నారు పోసుకున్నాడు. తీరా లాకులు మూసేసి, గట్టు బలంగా లేదు, నీళ్ళొదిలితే ఊరు మునిగిపోద్ది అంటున్నారు. గట్టెవడు వెయ్యాలి? లాకులవాడే వెయ్యాలి. ఇది మన కేసేనమ్మాయ్, ఇన్నాళ్ళూ నేను చేసిన కేసే."

దావా విచారణకి వచ్చేసరికి ఏడాది దాటింది. ఈలోగా భవానీపురం అమ్మాయి పరీక్ష రాసి బ్యాంకులో గుమాస్తాగా చేరింది. కొల్లేటి అమ్మాయి గుణదలలో స్నేహితురాలి ఇంట్లోనే ఉంటూ పిల్లలకి ట్యూషన్లు చెప్పేది. ప్రతి వాయిదాకీ ముగ్గురూ వచ్చేవారు. బ్యాంకు అమ్మాయి సెలవు పెట్టి మరీ వచ్చేది. నీకు ఉద్యోగం వచ్చిందిగా, ఇంకా ఎందుకమ్మా ఈ తిరుగుడు అని మా గుమాస్తా అడిగితే, ఆ గేటు దగ్గర ముగ్గురం నిలబడ్డామండీ అంది.

కంపెనీ యజమానిని బోనులోకి పిలవబోయే ముందురోజు సాయంత్రం మా సీనియర్ గారు కాగితాలు సర్దుతూ, నా వైపు చూడకుండా ఒక మాట అడిగాడు. నేను కోర్టు నించి వచ్చీ రాగానే వాళ్ళ పెరట్లోకి పరిగెడతానని ఆయన భార్య చెప్పిందట. పొద్దున్న కోర్టుకి బయల్దేరే ముందు అందరికీ కాఫీ వచ్చినా నేను ముట్టకపోవడం ఆయనే గమనించాడట. కోర్టులో ఆడవాళ్ళకి ఏ ఏర్పాటూ లేదన్న సంగతి అన్నేళ్ళ ప్రాక్టీసులో తనకి తట్టలేదన్నాడు. రేపు ఆ సంగతి కోర్టులో ఎత్తమంటావా, నీకు ఇష్టమైతేనే అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. వద్దండీ, సిగ్గు, రేపట్నించి కోర్టులో తలెత్తుకు తిరగలేను అన్నాను. సరేనమ్మా అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు యజమాని బోనెక్కాడు. అంతకుముందు నేను ఆయన్ని దూరం నించే చూశాను. మనసులో ఒక రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. తీరా చూస్తే తెల్లపంచె, తెల్లచొక్కా, చేతిలో రుమాలు. పొలం మీద వచ్చినదంతా కంపెనీలో పెట్టి, నిద్ర పట్టని మనిషిలా ఉన్నాడు. మా సీనియర్ గారి ప్రశ్నలకి దాచకుండా జవాబు చెప్పాడు. అమ్మాయిలు తెలివైనవాళ్ళేనన్నాడు. వాళ్ళ నడత మీద తనకి ఏ ఫిర్యాదూ లేదన్నాడు. ఆ మాట వినగానే వెనక బల్ల మీద ముగ్గురూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకోవడం చూశాను. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి గది కట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే, ఇటుక దొరికితే నెల పట్టదండి అన్నాడు. మా సీనియర్ గారు అక్కడ లాకుల సంగతీ, నారు సంగతీ ఎత్తుకున్నాడు. మునసబు గారిది అనంతపురం వైపు. నీళ్ళ గురించి ఎవరు మాట్లాడినా శ్రద్ధగా వినేవారు. ఆ రోజూ విన్నారు.

అప్పుడు కంపెనీ ప్లీడరు గారు లేచాడు. ఇది ఇటుకల లెక్క కాదు, స్త్రీల గౌరవానికి సంబంధించిన విషయం అన్నాడు. అలాంటి సదుపాయం లేనిచోట పొద్దుటినించి సాయంత్రందాకా ఒక గౌరవనీయమైన స్త్రీ ఎలా పనిచేస్తుంది, అసలు పనిచెయ్యాలని ఎలా కోరుకుంటుంది, అది ఊహకైనా అందుతుందా అని అడిగాడు. ఎగతాళిగా అడగలేదు. నిజంగానే ఆయన ఊహకి అందలేదు.

ఆయన ఎదురు బల్ల దగ్గర, మూరెడు దూరంలో నేను కూర్చుని ఉన్నాను. రెండేళ్ళుగా రోజూ ఆయనకి నమస్కారం పెడుతున్నదాన్ని. నేనెప్పుడు లేచానో నాకు తెలియదు. మా సీనియర్ గారు నా కొంగు పట్టుకుని లాగలేదన్నది మాత్రం గుర్తుంది.

"యువర్ ఆనర్, ఈ కోర్టులోనూ ఆడవాళ్ళకి లేదండి. నేను పొద్దున్న కాఫీ తాగి రాను. మధ్యాహ్నందాకా మంచినీళ్ళు ముట్టను. తప్పనిసరైతే వెనక వీధిలో ఒక పోస్టుమాన్ గారి ఇంటికి వెళ్తాను. ఆయన భార్య ఏమీ అనుకోదు. అయినా నేను పనిచేస్తూనే ఉన్నాను, చేయాలనే కోరుకుంటున్నాను."

ఎవరూ నవ్వలేదు. మునసబు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇది రికార్డు చెయ్యక్కర్లేదు అన్నారు కోర్టు గుమాస్తాతో. ప్లీడరు చెప్పింది సాక్ష్యం కాదు కాబట్టి అది న్యాయమే. కంపెనీ ప్లీడరు గారు అభ్యంతరం చెబుతాడేమోనని చూశాను. ఆయన నా వైపు చూసి, కొద్దిగా తల వంచి కూర్చున్నాడు. అంతకంటే పెద్ద మర్యాద నాకు వృత్తిలో ఇంకెవరూ చెయ్యలేదు.

బోనులో ఉన్న యజమాని మాత్రం, ఒక మాట చెప్పుకోవచ్చాండీ అని మునసబు గారిని అడిగాడు. గది సంగతి మా మేనేజరు రాయించిందండీ, నా భయం వేరండీ అన్నాడు. ఆడపిల్లలు పొద్దుగూకే వేళ ఆ రోడ్డు మీద బస్సు కోసం నిలబడాలి, ఏదన్నా జరిగితే వాళ్ళ తల్లిదండ్రులకి ఏం సమాధానం చెప్పను అని ఆర్డర్లు ఇచ్చిన రాత్రే బెంగపట్టుకుందన్నాడు. మునసబు గారు ఇరుపక్షాల ప్లీడర్లనూ చూసి, భోజనవిరామంలో మాట్లాడుకోండి, రాజీకి వీలుంటుందేమో చూడండి అన్నారు.

వరండాలో అసలు మాట్లాడింది ప్లీడర్లు కాదు. కొల్లేటి అమ్మాయి తండ్రి ఆ రోజు కోర్టుకి వచ్చాడు. మనిషి పొట్టి, భుజాన తువ్వాలు. యజమాని దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకోకుండా నిలబడ్డాడు.

"బాబుగారూ, మా పిల్ల ఊహ తెలిసినకాడ్నించీ దోనె మీద ఒక్కతే బడికెళ్ళిందండి. గాలొచ్చినా వానొచ్చినా ఇంటికి చేరేది. భయం మాకుండాలి గానీ మీకెందుకండి? మాకు లేదండి."

యజమాని రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, అప్పటి ఆర్డరు మీద ఉన్న పనే, వచ్చి చేస్తావా అమ్మా అని అడిగాడు. ఆ అమ్మాయి వెంటనే తలూపుతుందనుకున్నాను. చేస్తానండి, కానీ మా నియామకం ఆర్డరు ఇచ్చిన రోజు నించే లెక్కెయ్యాలి, మొన్న మొన్న చేరిన మగపిల్లల కింద మమ్మల్ని వెయ్యకూడదు అంది. మా సీనియర్ గారు నా చెవిలో, నీళ్ళొదిలితే చాలదట, వంతు కూడా ముందే కావాలట అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రాజీ రాసుకున్నాం. గుణదల అమ్మాయీ, కొల్లేటి అమ్మాయీ పనిలో చేరేటట్టు. బ్యాంకు అమ్మాయికి ఖర్చులు, పరిహారం. రద్దు చేసినది అమ్మాయిల తప్పేమీ లేకుండానేనని ఒక వాక్యం కొల్లేటి అమ్మాయి పట్టుబట్టి రాయించింది. తీర్పు వస్తే చట్టప్రకారం మాకు సొమ్ము తప్ప ఉద్యోగం వచ్చేది కాదు. కోర్టు ఇవ్వలేనిది వరండా ఇచ్చింది. అందుకే నల్లకోటు పిల్లలకి చెబుతుంటాను, వాదనకి ఎంత తయారైనా, భోజనవిరామంలో ఎక్కడికీ పోకండి.

యజమాని మాట తప్పలేదు. డెల్టా రైతు పంతం పడితే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. ఒక గది చాలన్నచోట రెండు కట్టించాడు, నిలువుటద్దం పెట్టించాడు, సాయంత్రం అమ్మాయిల్ని బస్టాండు దాకా దింపడానికి కంపెనీ వ్యాను పెట్టాడు. తర్వాతి సంవత్సరం ఇంకో నలుగురు అమ్మాయిల్ని తీసుకున్నాడు. కోర్టులో మా గది రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. దానికోసం బార్‌లో అందరికంటే గట్టిగా అర్జీలు పెట్టింది ఆ కంపెనీ ప్లీడరు గారే. ప్రభుత్వానికి ఇటుకలు దొరకవమ్మా అని నాతో నవ్వుతూ అనేవాడు.

కొల్లేటి అమ్మాయి చేరిన కొన్ని నెలలకి వాళ్ళ లంకకి నన్ను తీసుకెళ్ళింది. దోనెలో కూర్చోవడం నాకది మొదటిసారి. రెండు చేతులా అంచు పట్టుకుని బిక్కచచ్చి కూర్చుంటే, తను నిలబడి గడ వేస్తూ కబుర్లు చెప్పింది. ఇంటి ముందు ఆడవాళ్ళంతా చేరారు. ప్లీడరమ్మ అంటే ఎలా ఉంటుందో చూడ్డానికి. ఆ అమ్మాయి నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చూపు తక్కువ, చెవులు మాత్రం చురుకు.

"కోర్టులో జడ్జీగారి ముందు లేచి మాట్లాడేవంటగా. అంతమంది మగోళ్ళల్లో ఏం మాట్లాడేవమ్మా?" అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. ముసలమ్మ ముందు నమ్మలేదు. మనవరాలు అవునని చెప్పాక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నవ్వు తగ్గాక, నా చెయ్యి వదలకుండానే అడిగింది.

"మాకూ లేదమ్మా. తెల్లారకముందే గట్టెంట పోవాలి, లేకపోతే పొద్దుగూకేదాకా ఉగ్గబట్టుకోవాలి. మా కేసెవరి మీద ఏత్తావు?"

కొల్లేటి అమ్మాయి నా ముఖం చూసి, నేనున్నానుగా నాయనమ్మా అంది. జీతం కూడబెట్టి ఇంటి వెనక ముందుగా ఏం కట్టించాలో అప్పటికే ఆలోచించుకున్నట్టు చోటు చూపించింది. ముసలమ్మ, కట్టినప్పుడు చూద్దాంలే, ముందు అన్నానికి లేవండి అంది. కొరమేను పులుసు వేడివేడిగా వడ్డించారు. సిగ్గుపడకుండా రెండోసారి అడిగి వేయించుకున్నాను.